పుల్లైసులో తీపి ఎక్కడికి పోతుంది?

ఆకివీడులో ఐసుకు అసలు గిరాకీ పిల్లలది కాదు, చేపలది. కొల్లేరు చుట్టూ చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె ఐసు ముక్కల మధ్య పెట్టెల్లోకి చేరి, లారీలెక్కి కలకత్తా దాకా వెళ్తాయి. ఆ ఐసును దిమ్మలుగా పోస్తారు. పెద్ద తొట్టెలో ఉప్పునీరు, అందులో మునిగేలా నీళ్లు నింపిన రేకు డబ్బాలు. అమ్మోనియా యంత్రం ఆ ఉప్పునీటిని సున్నాకు పది డిగ్రీల దిగువకు తెస్తే, డబ్బాల్లో నీరు అంచుల నుంచి లోపలికి మెల్లగా గడ్డకడుతుంది. దిమ్మ బయటికి తీశాక గమనించండి: చుట్టూ తేటగా ఉంటుంది, నడుమ మాత్రం తెల్లగా, పాలరంగులో కనిపిస్తుంది.

ఆ తెలుపులోనే పుల్లైసు రహస్యమంతా ఉంది. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరేసి చొప్పున వలయాలుగా, ఒక వరసలో అమరుతాయి. ఆ అమరికలో ఉప్పుకు, పంచదారకు, గాలికి చోటు లేదు. గడ్డ పెరుగుతున్నకొద్దీ వాటన్నిటినీ ముందుకు నెట్టేస్తుంది. చివరికి నీటిలోని లవణాలు, గాలి బుడగలు దిమ్మ నడుమ ఇరుక్కుపోతాయి. తెల్లగా కనిపించేవి అవే.

రంగునీళ్ల పుల్లైసును గట్టిగా పీల్చితే తీపి, రంగు నోట్లోకి వచ్చేసి, పుల్లకు చప్పటి తెల్లగడ్డ మిగలడం మనందరికీ తెలుసు. తయారీదారు పంచదార తగ్గించాడనుకుంటాం. నిజానికి పంచదార గడ్డలోకి వెళ్లనే లేదు. స్ఫటికాల మధ్య సందుల్లో చిక్కటి పాకంలా నిలిచింది. పీలిస్తే ముందు వచ్చేది ఆ పాకమే.

ఇంట్లో పండ్ల ఐసు చేసుకోవాలంటే గెలవాల్సింది ఈ గుణాన్నే. అందుకు పండే సాయం చేస్తుంది, రంగునీళ్లు చేయవు. మామిడి గుజ్జులో పెక్టిన్, సన్నని పీచు ఉంటాయి. అవి నీటిని స్వేచ్ఛగా కదలనివ్వవు, స్ఫటికాలను పెద్దవి కానివ్వవు. నాలుకకు ఇసుక తగిలినట్టు అనిపించకుండా ఉండాలంటే స్ఫటికం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించకూడదు. నూజివీడు చిన్నరసం గుజ్జుతో చేసిన ఐసు మెత్తగా రావడానికి కారణమిదే. ఐసుక్రీము కంపెనీలు ఇదే పని కోసం గోరుచిక్కుడు గింజల నుంచి తీసిన జిగురు వాడతాయి. అందులో ఉండే గెలాక్టోమానన్ అనే పదార్థం తాటిముంజల్లోనూ ఉంది. ముంజలు చిదిమి మామిడి గుజ్జులో కలపడం నాకు చాలా మంచి ఆలోచనగా తోస్తుంది. ముంజను ముక్కగా గడ్డకట్టిస్తే మాత్రం కరిగాక నీరుగారుతుంది. లోపలి స్ఫటికాలు దాని కణాల గోడలను చీల్చేస్తాయి.

ఇక పంచదార లెక్క. లీటరు నీటిలో 342 గ్రాముల పంచదార కరిగిస్తే ఆ నీరు సున్నా దగ్గర గడ్డకట్టడం మొదలెట్టదు, సుమారు 1.86 డిగ్రీలు దిగువకు వెళ్లాలి. అదే పని గ్లూకోజుకైతే 180 గ్రాములు చాలు. ఇక్కడ లెక్కకొచ్చేది బరువు కాదు, అణువుల సంఖ్య. ద్రాక్షలో గ్లూకోజు, ఫ్రక్టోజు నిండుగా ఉంటాయి కనుక ఫ్రీజరులో పెట్టినా పళ్లకు లొంగేంత మెత్తదనం మిగులుతుంది. పుచ్చకాయలో తొంభై శాతానికి పైగా నీరే, తీపి తక్కువ; అది రాయిలా బిగుస్తుంది. పుచ్చకాయ రసానికి బాగా పండిన అరటిపండు కలిపితే ఆ కాఠిన్యం తగ్గుతుంది.

తీపి కాస్త ఎక్కువే పడాలి. నాలుకపై తీపిని గ్రహించే కణాల్లో టీఆర్‌పీఎం5 అనే ద్వారం ఒకటుంది. చల్లదనంలో అది మందగిస్తుందని 2005లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. అందుకే కరిగిన పుల్లైసు వెగటుగా, గడ్డగా ఉన్నది సరిపోయినట్టుగా అనిపిస్తుంది. కొద్దిగా నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేస్తే పంచదార పెంచకుండానే రుచి నిలబడుతుంది.

వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవిగా వస్తాయి. గుజ్జును ముందే ఫ్రిజ్‌లో చల్లార్చి, సన్నని స్టీలు గ్లాసుల్లో పోసి, ఫ్రీజరు అడుగు రేకుకు తగిలేలా పెట్టండి. అరగంటకోసారి కలుపుతూ, సగం బిగిశాక పుల్ల గుచ్చండి. ఫ్రీజరు లేనివాళ్లకు పాత పద్ధతి ఉంది: మూడు వంతుల ఐసు ముక్కలకు ఒక వంతు రాళ్లుప్పు కలిపితే ఆ మిశ్రమం మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. గ్లాసులకు గట్టి మూత పెట్టి అందులో దించాలి. వేసవి కరెంటు కోతల్లో కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐసు గరుకెక్కుతుంది, ఎందుకంటే చిన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటికి అతుక్కుంటాయి.

ఉప్పు కలిపి గ్లాసులు దించడానికి చేపల ఐసు పనికొస్తుంది, గ్లాసులో వేసుకోవడానికి పనికిరాదు. చలి చాలా సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుంది. టైఫాయిడ్ క్రిమి, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ ఐసులో బతికే ఉంటాయి. తినే ఐసు, తినకూడని ఐసు కళ్లకు ఒకేలా కనబడతాయి కనుకే 2018లో మహారాష్ట్రలో తినకూడని ఐసుకు నీలిరంగు కలపాలని ఆదేశించారు. మన దగ్గర రంగును నమ్ముకోకుండా, చెరుకురసం బండి దగ్గరైనా, షర్బత్ కొట్టు దగ్గరైనా ఐసు ఏ నీటితో చేసిందో అడగడం మన హక్కు. ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి.

ఇంతకీ పుల్లైసు ఒంటిని చల్లబరుస్తుందా? అరవై గ్రాముల ముక్క కరిగి ఒంటి వేడికి చేరేలోపు ఆరేడు కిలో కేలరీల వేడి పీల్చుకుంటుంది. పెద్దమనిషి ఒంట్లో అది డిగ్రీలో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. ఆ ముక్కలో తొమ్మిది గ్రాముల పంచదార ఉంటే అది 36 కిలో కేలరీల శక్తి ఇస్తుంది. ఒక గ్రాము ఐసు కరిగితే 80 కేలరీల వేడి పోతుంది. ఒక గ్రాము చెమట ఆరితే 580 దాకా పోతుంది. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరకపోవడం వల్లే ఇక్కడి ఉక్క అంత బాధిస్తుంది. కాబట్టి ఐసు తిన్నామని మంచినీళ్లు, మజ్జిగ మానకూడదు.

చివరిగా పసిపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఐదేళ్లలోపు పిల్లలకు గడ్డకట్టిన ద్రాక్షను గుండుగా ఇవ్వకండి, అది గొంతుకు సరిగ్గా అడ్డుపడే సైజు. గడ్డకట్టించక ముందే నిలువునా నాలుగు చీలికలు చేసి, గింజలు తీసి పెట్టండి.