వేధింపు ఎప్పుడు నేరమవుతుంది? అప్పుడు మనమేం చేయాలి?



"సరదాకి అన్నాం" అనే మాట హాస్టల్లో చదివిన మా అందరికీ తెలుసు. సరదా అయితే ఇద్దరూ నవ్వాలి. ఒకడు నవ్వుతుంటే రెండోవాడు అన్నం మానేసి దుప్పటి ముసుగేసుకున్నాడంటే అది సరదా కాదు. అలాగని ప్రతి తగువూ పోలీసు కేసు కాదు. గీత ఎక్కడుందో తెలిస్తే చిన్నదానికి బెదిరిపోం, పెద్దదాన్ని దాచుకోం. అందుకే పాత విద్యార్థులం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఏవి నేరాలు?

1. ర్యాగింగ్: మన రాష్ట్రంలో 1997లోనే దీన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అది హాస్టళ్లకూ వర్తిస్తుంది. ఆటపట్టించి అవమానిస్తే 6 నెలల వరకు, కొట్టినా బెదిరించినా ఏడాది వరకు, కదలనీయకుండా నిర్బంధిస్తే 2 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. జైలుశిక్ష పడితే చదువుతున్న సంస్థ నుంచి తొలగిస్తారు. సీనియర్లు ఇది గుర్తుంచుకోవాలి.

2. కులం పేరుతో దూషణ: ఎస్సీ, ఎస్టీలు కానివారు మనల్ని నలుగురిలో కులం పేరుతో తిడితే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్లు. "ముందు విచారణ చేసి, తర్వాత కేసు కడతాం" అనడానికి 2018 సవరణ తర్వాత వీల్లేదు.

3. వెంటపడటం: ఇష్టం లేదని అమ్మాయి స్పష్టంగా చెప్పినా బస్టాండు దాకా, కాలేజీ దాకా పదేపదే వెంటపడటం, ఫోన్లు, మెసేజీలు చేయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే 3 ఏళ్ల వరకు జైలు. ఈ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది.

4. పిల్లలపై లైంగిక వేధింపు: 18 ఏళ్లలోపు వారికి 2012 నాటి పోక్సో చట్టం అండ. ఇది మగపిల్లలనూ కాపాడుతుంది. సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. పిల్లల పేరు బయటపెట్టకూడదు.

ఆధారాలు ఎందుకు?

2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ర్యాగింగ్, వేధింపులే కారణమని కేసు నడిచింది. సాక్ష్యాధారాలు చాలవని 2024 నవంబరులో గుంటూరు కోర్టు ఆ కేసును కొట్టివేసింది. మనసులో దాచుకున్న బాధ కోర్టుకు కనిపించదు. కాబట్టి జరిగిన రోజే తేదీ, సమయం, చోటు, అన్న మాటలు, చూసినవాళ్ల పేర్లు నోటుబుక్కులో రాయండి. మెసేజీలు చెరిపేయకండి. దెబ్బలు తగిలితే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి.

ఎవరికి చెప్పాలి?

మన భావనపాడు తీరంలో ఎందరి నాన్నలో వేరావల్ బోట్ల మీద ఉంటారు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు వెళ్లే అమ్మలు సాయంత్రానికి గాని ఇంటికి రారు. వాళ్లు వచ్చేదాకా ఆగనవసరం లేదు. నమ్మిన స్నేహితుడికో, టీచరుకో, వార్డెన్‌కో వెంటనే చెప్పండి. వార్డెన్ పట్టించుకోకపోతే జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికి కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు దగ్గర ఉంచుకోండి.

నేరం పలాసలో జరిగినా ఫిర్యాదు టెక్కలి స్టేషన్లో ఇవ్వవచ్చు. "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి.

ఈ నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి: అత్యవసరమైతే 112, పిల్లలకు 1098, మహిళలకు 181, కులం పేరిట వేధింపులకు 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100. బతుకు మీద విరక్తి కలిగితే 14416కు ఫోన్ చేసి మాట్లాడండి.

చివరిగా, పక్క మంచం తమ్ముడు నాలుగు రోజులుగా మాట్లాడటం లేదంటే "ఏమైందిరా?" అని అడగండి. చట్టం దాకా వెళ్లే దారి ఆ మాటతోనే మొదలవుతుంది.

– మీ పాత విద్యార్థులు