రోటరీ హ్యామర్ డ్రిల్

రోటరీ హ్యామర్ డ్రిల్ అనేది కాంక్రీటు, రాయి, ఇటుక వంటి గట్టి పదార్థాలలో రంధ్రాలు చేయడానికి వాడే ఒక విద్యుత్ పనిముట్టు. ఇది బిట్టును తిప్పుతూనే దాని వెనుక నుండి సుత్తిదెబ్బలు కొడుతుంది. తెలుగునాట పనివారు దీనిని హ్యామర్ మిషను అని గాని, ఊరకే డ్రిల్లింగ్ మిషను అని గాని అంటారు. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, తలుపులు కిటికీలు బిగించే వడ్రంగులు దీనిని నిత్యమూ వాడతారు. రోజు అద్దెకు కూడా దొరుకుతుంది గనుక ఏ శిక్షణా లేనివారి చేతికి కూడా సులభంగా వస్తుంది. దీనివలన కలిగే ప్రమాదాలలో ముఖ్యమైనవి కంటికి కనిపించేవి కావు. గోడలోని తీగ, కాంక్రీటులోని ఇనుప చువ్వ, గాలిలోని సన్నని ధూళి - ఇవన్నీ దాగి ఉండేవే.

చరిత్ర

విద్యుత్ డ్రిల్లుకు 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్ పేటెంటు పొందాడు. చేతితో పట్టుకొని వాడదగిన విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరానికి చెందిన ఫైన్ సంస్థ తయారుచేసింది. అదే నగరానికి చెందిన బాష్ సంస్థ 1932లో విద్యుత్ సుత్తి యంత్రాన్ని విడుదల చేసింది. నేడు సర్వసాధారణమైన ఎస్.డి.ఎస్. బిట్టు బిగింపును కూడా ఈ సంస్థే 1975లో ప్రవేశపెట్టింది. అంతకు పూర్వము గోడకు మేకు దిగవలెనన్నా, చెక్క ముక్క దిగగొట్టవలెనన్నా ఉలి, సుత్తే ఆధారము.

పనిచేయు విధానము

దీనిలోని మోటారు ఒక గొట్టములో పిస్టనును ముందుకు వెనుకకు ఆడిస్తుంది. పిస్టనుకు ముందు ఒక ఇనుప దిమ్మ ఉంటుంది. ఈ రెండూ ఒకదానినొకటి తాకవు. మధ్యనున్న గాలి నొక్కుకొని, స్ప్రింగువలె వ్యాకోచించి దిమ్మను ముందుకు విసురుతుంది. ఆ దిమ్మ పోయి బిట్టు వెనుక భాగాన్ని కొడుతుంది. మూడు కిలోలకు లోపు బరువుండి, సుమారు 800 వాట్ల శక్తి గల యంత్రము నిమిషానికి దాదాపు 4,000 దెబ్బలు కొట్టగలదు. ఒక్కొక్క దెబ్బ శక్తి సుమారు 2.7 జౌళ్లు. అంటే ఒక కిలో బరువును 27 సెంటీమీటర్ల ఎత్తు నుండి జారవిడిస్తే తగిలే దెబ్బతో సమానము. అటువంటి దెబ్బలు సెకండుకు 60కి పైగా పడతాయన్నమాట.

అంగళ్లలో తక్కువ ధరకు దొరికే ఇంపాక్ట్ డ్రిల్లు దీనికి భిన్నమైనది. దానిలో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదానిపై ఒకటి ఎక్కి దిగుతూ చిన్న చిన్న కుదుపులు పుట్టిస్తాయి. మనిషి ఎంత బలంగా నొక్కితే దాని దెబ్బ అంత బలంగా ఉంటుంది. ఆ యంత్రానికి అలవాటుపడినవారు దీనిని కూడా ఒంటి బరువంతా మోపి నొక్కుతారు. ఇది తప్పు. రోటరీ హ్యామరులో దెబ్బ పుట్టేది గాలి వలన గాని మనిషి బలము వలన కాదు. బిట్టు కొన గోడకు ఆని ఉండేటంత ఒత్తిడి చాలును. అంతకు మించి నొక్కితే పని వేగము పెరగదు సరికదా, బిట్టు వేడెక్కి కొన దెబ్బతింటుంది. మనిషి నిలకడ తప్పుతుంది. బిట్టు హఠాత్తుగా చిక్కుకున్నా, గోడ అవతలికి దూసుకొనిపోయినా తట్టుకొనే స్థితిలో అతడు ఉండడు.

బిట్లు

తేలికపాటి యంత్రాలలో వాడే ఎస్.డి.ఎస్. ప్లస్ బిట్ల కాడ మందము 10 మి.మీ., పెద్ద యంత్రాలకు చెందిన ఎస్.డి.ఎస్. మ్యాక్స్ బిట్ల కాడ మందము 18 మి.మీ. ఒకదానికి వాడే బిట్టు మరొకదానికి పనికిరాదు. బిట్టు బిగించే ముందు ప్లగ్గు తీసివేయవలెను. కాడను గుడ్డతో తుడిచి, కొద్దిగా గ్రీజు రాసి, తిప్పుతూ లోపలికి తోయవలెను. తరువాత ఒకసారి బయటకు లాగి చూడవలెను. ఊడి రాకుండా ఉంటే సరిగా బిగిసినట్లే. అది కొంచెం ముందుకు వెనుకకు కదులుతుంది, ఆ కదలిక లోపము కాదు, దెబ్బ తగలడానికి అవసరమైనదే. పని ముగిసిన వెంటనే బిట్టును వట్టి చేతితో పట్టుకుంటే చేయి కాలుతుంది.

పింగాణీ పలకల మీద మొదటే సుత్తిదెబ్బ కొట్టించరాదు. పలక దాటేవరకు కేవలము తిప్పుడు మీద, తగిన బిట్టుతో పోయి, తరువాత మాత్రమే హ్యామరుకు మార్చవలెను. బోలు ఇటుకలకు అసలు హ్యామరు వాడకపోవడమే మంచిది.

గోడలో దాగిన తీగలు, పైపులు

ప్రస్తుత కాలపు ఇళ్లలో విద్యుత్ తీగలు గోడల లోపల ప్లాస్టిక్ పైపులలో ఉంటాయి. స్విచ్చిబోర్డు నుండి అవి సాధారణంగా నిట్టనిలువుగా పైకి గాని, క్రిందికి గాని పోతాయి. కనుక ఏ స్విచ్చికి గాని, సాకెట్టుకు గాని నేరుగా పైన, క్రింద, అడ్డముగా అదే ఎత్తులో రంధ్రము చేయరాదు. అయితే ఇది పూర్తిగా నమ్మదగిన నియమము కాదు. పైపు ఆదా చేయడానికి ఏటవాలుగా గాడి కొట్టిన ఇళ్లు లెక్కకు మించి ఉన్నాయి. స్లాబులో ఫ్యాను పెట్టె వద్దకు పోయే పైపు ఏ దారిన పోయిందో క్రింద నుండి చూసి చెప్పలేము. స్నానాల గదిలో కొళాయికి, షవరుకు మధ్యనున్న నిలువు గీత కూడా ఇటువంటిదే. గోడలకు పూత వేయక ముందు తీసి ఉంచిన ఛాయాచిత్రాలు ఈ విషయములో ఎంతో ఉపయోగపడతాయి. తీగలను గుర్తించే చిన్న పరికరాలు కూడా దొరుకుతాయి గాని, లోతుగా ఉన్న తీగలను అవి కనిపెట్టలేకపోవచ్చు.

అనుమానమున్న చోట ఆ గోడకు వచ్చే విద్యుత్తును పూర్తిగా ఆపివేసి, యంత్రానికి మాత్రము వేరే లైను నుండి పొడిగింపు తీగ ద్వారా విద్యుత్తు తీసుకొనవలెను. చాలా యంత్రాల మీద ఒక చదరము లోపల మరొక చదరము గుర్తు ఉంటుంది. అది రెండు పొరల ఇన్సులేషనుకు చిహ్నము. దీనిని చూసి షాకు కొట్టదని ధైర్యపడేవారు ఒక సంగతి గమనించవలెను. ఆ ఇన్సులేషను యంత్రము లోపలి మోటారు నుండి రక్షణ కొరకు ఏర్పడినది. బిట్టు గోడలోని తీగను తాకితే విద్యుత్తు బిట్టు ద్వారా యంత్రపు ముందున్న లోహ భాగానికి వస్తుంది. అందువలన యంత్రాన్ని రబ్బరు లేదా ప్లాస్టిక్ తొడుగు ఉన్న పిడుల వద్దనే పట్టుకొనవలెను. మెడ వద్ద పట్టుకొనరాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్న ఇంట్లో పనిచేయడము క్షేమకరము. అయితే అది తనకు చెందిన లైన్లను మాత్రమే కాపాడుతుంది.

చువ్వకు తగిలి చిక్కుకొనుట

కాంక్రీటులో బిట్టు ఇనుప చువ్వ అంచుకు తగిలి చిక్కుకుంటే తిరగడము ఆగిపోతుంది. మోటారు మాత్రము ఆగదు. అప్పుడు బిట్టుకు బదులు యంత్రమే ఎదురు దిశలో గిర్రున తిరుగుతుంది. మణికట్టు మెలిపడడము, ముఖానికి దెబ్బ తగలడము, నిచ్చెన మీదివారు పడిపోవడము ఇలాగే జరుగుతాయి. మంచి యంత్రాలలో ఇటువంటప్పుడు జారిపోయే క్లచ్ ఉంటుంది. కాని అది జారేలోపు చేతికి తగిలే విసురు తక్కువేమీ కాదు. కాబట్టి పక్కపిడి బిగించి రెండు చేతులతో పట్టుకొనడము తప్పనిసరి. కాళ్లు ఎడముగా పెట్టి గట్టి నేల మీద గాని, పరంజా మీద గాని నిలబడవలెను. గోడకు ఆనించిన నిచ్చెన మీద ఒక చేత్తో నిచ్చెనను, మరొక చేత్తో యంత్రాన్ని పట్టుకొని పనిచేయడము అన్నిటికంటె అపాయకరము. మీట నొక్కి ఉంచే తాళపు బొత్తామును చేతిలో పట్టుకొని చేసే పనిలో వాడరాదు.

బిట్టు చిక్కుకున్నప్పుడు మీట వదిలి, యంత్రము ఆగిన తరువాత వెనుకకు తిప్పి తీయవలెను. చువ్వ తగిలిన చోటనే పట్టుదలగా కొట్టరాదు. రంధ్రాన్ని కొద్దిగా పక్కకు జరపడమే మార్గము. దూలాలలోను, స్తంభాలలోను చువ్వలను కోయడము ఇంజనీరు అనుమతి లేకుండా చేయదగిన పని కాదు.

నివాస గృహాల స్లాబు మందము సాధారణంగా నాలుగైదు అంగుళాలే. లోతు కొలిచే కడ్డీని అమర్చుకొనకపోతే బిట్టు పై అంతస్తులోకి పొడుచుకొని రావచ్చు. బయటి గోడకు రంధ్రము చేసేటప్పుడు అవతలి వైపు పెచ్చు ఊడిపడే చోట మనుషులు లేకుండా చూడవలెను.

ధూళి

ఇసుకలోను, గ్రానైటులోను, కాంక్రీటులోను స్ఫటిక సిలికా ఉంటుంది. డ్రిల్లు చేసినప్పుడు నేల మీద రాలే తెల్లని పొడి కన్న, కంటికి కనబడకుండా గాలిలో తేలే సూక్ష్మ కణాలు ఎక్కువ హాని చేస్తాయి. ఇవి ఊపిరితిత్తుల లోపలి గాలి తిత్తుల వరకు చేరి అక్కడ మచ్చ కట్టిస్తాయి. ఈ వ్యాధినే సిలికోసిస్ అంటారు. దీనిని నయము చేసే మందు లేదు. పని మానివేసిన తరువాత కూడా ఇది ముదరవచ్చు. ఇది ఉన్నవారికి క్షయ సోకే అవకాశము కూడా ఎక్కువ. 1948 నాటి కర్మాగారాల చట్టము మూడవ షెడ్యూలులో సిలికోసిస్‌ను తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చారు. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పనిచోట్ల పీల్చే స్ఫటిక సిలికాను క్యాన్సర్ కారకాల మొదటి వర్గములో చేర్చింది. అమెరికా 2016లో చేసిన నియమము ప్రకారము ఎనిమిది గంటల పనిలో సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములకు మించి ఇది ఉండరాదు.

ఇంట్లో పటము తగిలించడానికి రెండు రంధ్రాలు చేసే గృహస్థుకు ఈ ప్రమాదము స్వల్పము. రోజుకు పదుల కొద్దీ రంధ్రాలు చేసే కూలికి మాత్రము ఇది జీవన్మరణ సమస్య. అతడు ముక్కుకు కట్టుకునే తువాలు ఈ సన్నని కణాలను ఆపలేదు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 లేదా ఎఫ్.ఎఫ్.పి.2 రకపు మాస్కు వాడవలెను. అంతకంటె మేలైనది ధూళిని పుట్టిన చోటనే పట్టుకొనడము. రంధ్రము వద్ద వాక్యూమ్ యంత్రపు గొట్టము పట్టవచ్చు. స్లాబుకు రంధ్రము చేసేటప్పుడు బిట్టుకు తొడిగే రబ్బరు గిన్నె, అది లేనిచోట అడుగున చిల్లు పెట్టిన కాగితపు కప్పు కూడా పెద్ద పొడి కళ్లలో పడకుండా కొంతవరకు ఆపుతుంది. కళ్లద్దాలు ఎలాగూ ఉండవలెను. రంధ్రములోని పొడిని నోటితో ఊదడము చాలామందికి అలవాటు, అది మానవలెను. నేలను పొడి చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవవలెను. ధూళి లేవకుండా రంధ్రములో నీళ్లు పోస్తూ ఈ విద్యుత్ యంత్రాన్ని వాడరాదు.

కంపనము, శబ్దము

కొట్టుడు యంత్రాల కంపనము వలన చేతివేళ్లలోని రక్తనాళాలు, నరాలు దెబ్బతిని, చలిలో వేళ్లు తెల్లగా పాలిపోతాయి. 1918లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రములోని బెడ్‌ఫోర్డ్‌లో గాలిసుత్తులతో సున్నపురాయి చెక్కేవారిని పరీక్షించి ఈ లక్షణాలను వివరించింది. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశము ప్రకారము ఎనిమిది గంటల పనికి లెక్కకట్టిన కంపనము 5 మీ./సె² దాటరాదు. 2.5 దాటితే యజమాని నివారణ చర్యలు చేపట్టవలెను. 15 మీ./సె² కంపనమున్న యంత్రాన్ని లెక్కలోకి తీసుకుంటే, సుమారు 13 నిమిషాల వాడకముతోనే రెండవ హద్దు, 53 నిమిషాలతో మొదటి హద్దు చేరుకుంటాయి. ఇది మీట నొక్కి ఉంచిన సమయము మాత్రమే. మొండి బిట్టుతో అదే రంధ్రానికి ఎక్కువ సేపు పడుతుంది గనుక పదునైన బిట్టు చేతులకు కూడా రక్షణే. గట్టిగా నొక్కి పట్టుకుంటే కంపనము చేతిలోకి మరింతగా పాకుతుంది.

ఈ యంత్రపు చప్పుడు 85 డెసిబెళ్లకు మించే ఉంటుంది. చెవిలో మెత్తని బిరడాలు పెట్టుకొనవలెను.

అద్దె యంత్రాలు

అద్దెకు తెచ్చే యంత్రాలలో తరచుగా కనిపించే లోపాలు మూడు. తీగ పిడిలోకి దూరే చోట పై తొడుగు చిట్లి ఉండడము మొదటిది. ప్లగ్గు ఊడిపోయి వట్టి తీగలు వేలాడడము రెండవది. వాటిని అగ్గిపుల్లలతో సాకెట్టులో బిగించి పని కానిచ్చేవారు ఉన్నారు. మూడవది పక్కపిడి పోవడము. దుకాణదారులు దీనిని లోపముగానే లెక్కించరు. తీసుకునే ముందు ఒకసారి ఖాళీగా నడిపి, మీట వదలగానే ఆగుతున్నదో లేదో, మోటారు వద్ద మిక్కిలిగా నిప్పురవ్వలు వస్తున్నాయేమో చూడవలెను. వదులు చేతి తొడుగులు, పైట చెంగు, చున్నీ, మెడలోని తువాలు తిరిగే బిట్టుకు చుట్టుకొనగలవు. పక్కపిడి లేని యంత్రము తక్కువ అద్దెకు వచ్చినా తీసుకొనరాదు.