అద్దెకు రాని ఇల్లు - ఇల్లు దొరకని అద్దెదారు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టడంలోని కష్టాన్ని చెప్పిన ఈ సామెత, కట్టిన ఇంటికి అద్దెదారుని కుదుర్చుకోవడంలోని కష్టాన్ని చెప్పలేదు. ఆనాడు ఇల్లు నివాసానికే గాని ఆదాయానికి కాదు. నేడు పరిస్థితి వేరు. ఉద్యోగ విరమణనాడు చేతికందిన సొమ్ముతో ఒకరు, గల్ఫు దేశాలలో ఏళ్ళ తరబడి శ్రమించి కూడబెట్టిన ధనంతో మరొకరు, బ్యాంకు ఋణంతో వేరొకరు ఒక మేడయో, రెండు గదుల వాటాయో, వీధి వైపు ఒక ముల్గీయో సంపాదించి, దానిపై వచ్చే అద్దెతో వృద్ధాప్యం గడుపవచ్చునని ఆశిస్తున్నారు. ఆ ఆశ నెరవేరక, తలుపుకు తాళమూ గోడకు "టు లెట్" బోర్డూ నెలల తరబడి వేలాడుతున్న ఇళ్ళు ప్రతి పేటలోనూ కానవస్తాయి. వాణిజ్యశాస్త్రాన్ని అభ్యసిస్తున్న మేము ఈ విషయాన్ని శాస్త్రదృష్టితోనూ, సామాజికదృష్టితోనూ పరిశీలింప సంకల్పించాము.

సమస్య స్వరూపం

2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఖాళీగా ఉన్న గృహాలు సుమారు 2 కోట్ల 47 లక్షలు. అందులో పట్టణ ప్రాంతాలవి సుమారు 1 కోటి 11 లక్షలు. పట్టణాలలో అద్దె ఇళ్ళ భాగం 1961లో 54 శాతం ఉండగా 2011 నాటికి 28 శాతానికి తగ్గినదని 2017-18 ఆర్థిక సర్వే పేర్కొన్నది. ఒకవైపు తాళం వేసిన ఇళ్ళు, మరొకవైపు గది కొరకు కాళ్ళరిగేలా తిరిగే విద్యార్థులు, చిరుద్యోగులు. ఈ రెండూ ఒకే నగరంలో, ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో కానవచ్చుటయే ఇందులోని వింత. సరుకు ఉన్నది, గిరాకీ ఉన్నది, బేరం మాత్రం కుదరడం లేదు. ఎందువలన?

కారణాలు

అద్దెకు రాని ఇంటిలో లోపం సాధారణంగా నాలుగింటిలో ఒకటిగా ఉంటుంది: స్థలం, వసతి, వెల, షరతు.

స్థలదోషాన్ని యజమాని మార్చలేడు. బస్సు దూరం, ఇరుకు సందు, వర్షాకాలంలో నీరు నిలిచే పల్లం - ఇవి అతని వశంలో లేనివి. దక్షిణముఖపు ఇల్లనీ, వీధిపోటు ఉన్నదనీ వెనుకాడే వారు కొందరు. నమ్మకాల సత్యాసత్యాలతో మాకిక్కడ పని లేదు. అవి గిరాకీని తగ్గిస్తున్నవన్నది మాత్రం వాస్తవం. అయితే ఒకరికి దోషమైనది మరొకరికి దోషం కాకపోవచ్చు. సందులోని ముల్గీ బట్టల దుకాణానికి పనికిరాదు. దర్జీల పనిశాలకో, ట్యూషన్ తరగతులకో, సరుకు నిలువకో అది చక్కగా పనికివస్తుంది. లిఫ్టు లేని మూడవ అంతస్తు వృద్ధదంపతులకు భారం, విద్యార్థులకు కాదు. కనుక "ఈ ఇంటికి ఎవరూ రారు" అనుటకు ముందు "ఈ ఇల్లు ఎవరికి సరిపోతుంది?" అని ప్రశ్నించుకొనుట వివేకం.

వసతి లోపాలు చాలవరకు దిద్దుకోదగినవి. మన ప్రాంతంలో ఇల్లు చూడవచ్చిన ఇల్లాలు మొదట అడిగేది నీటిని గురించి: నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుంది, బోరు ఎండాకాలంలో నిలుస్తుందా? తరువాత మరుగుదొడ్డి, గాలీ వెలుతురూ, కరెంటు మీటరు వేరుగా ఉన్నదా లేదా. గోడలకు ఖరీదైన రంగులు వేసి నీటి సంపును మరమ్మతు చేయని యజమాని తన సొమ్మును తప్పుచోట వ్యయం చేసినవాడవుతాడు. ఒకే మీటరు మీద రెండు వాటాలు నడిపే ఇంటిలో ప్రతి నెలా బిల్లు వచ్చిన రోజున ఒక కలహం తప్పదు. ఆ కలహమే అద్దెదారుని తరిమివేస్తుంది.

వెలను గురించి, షరతులను గురించి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది.

లెక్క ఏమి చెబుతున్నది?

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఇరుగుపొరుగు ఇళ్ళకు నెలకు 11,000 రూపాయలు పలుకుతున్నవి. మన యజమాని 12,000కు ఒక్క రూపాయి తగ్గనని పట్టుబట్టాడు. నాలుగు నెలలు ఇల్లు ఖాళీగా ఉండి, ఐదవ నెలలో అతను కోరిన అద్దెకే మనిషి దొరికాడు. ఆ సంవత్సరం అతనికి వచ్చినది ఎనిమిది నెలల అద్దె, అనగా 96,000. మొదటి నెలలోనే 11,000కు ఇచ్చి ఉంటే 1,32,000 వచ్చేది. నష్టం 36,000. నెలకు వేయి రూపాయల అధికాదాయంతో ఈ నష్టం పూడవలెనంటే మరి మూడు సంవత్సరాలు పడుతుంది. అంతకాలం ఆ అద్దెదారుడు కదలకుండా ఉండాలి కూడా!

మరొక విధంగా చెప్పాలంటే, సంవత్సరానికి ఒక్క నెల ఖాళీ ఉండుట పన్నెండింట ఒక వంతు, అనగా ఎనిమిది శాతానికి పైబడిన అద్దెను వదులుకొనుటతో సమానం. పైగా ఖాళీ ఇంటికి ఆస్తిపన్ను ఆగదు, కరెంటు కనీస రుసుము ఆగదు, చెదలు ఆగవు, పైపుల తుప్పు ఆగదు. మనిషి మసలని ఇల్లు త్వరగా పాడవుతుందని మన పెద్దలు అనుభవంతో చెప్పిన మాట లెక్కలోనూ సత్యమే.

పెట్టుబడి దృష్టితో చూచినా ఇదే తేలుతుంది. 40 లక్షల రూపాయల ఇంటికి నెలకు 10,000 అద్దె వస్తే సాలుకు లక్షా ఇరవై వేలు, అనగా మూడు శాతం. రెండు నెలలు ఖాళీ ఉంటే రెండున్నర శాతం. పన్ను, మరమ్మతులు పోను మిగిలేది ఇంకా స్వల్పం. ఇంత పలుచని ఆదాయంలో ఖాళీ నెలలే ప్రధాన శత్రువు. కనుక అద్దెను పెంచుకొనుట కంటె, మంచి అద్దెదారుని నిలుపుకొనుటయే అధిక లాభసాటి.

కాలాన్ని కూడా గమనించాలి. పిల్లల చదువుల కారణంగా కుటుంబాలు సాధారణంగా వేసవి సెలవులలో, బడులు తెరిచే జూన్ లోపున ఇళ్ళు మారుతాయి. ఆషాఢంలో గృహప్రవేశానికి వెనుకాడే కుటుంబాలు అనేకం. జూలైలో ఖాళీ అయిన ఇంటికి ఏప్రిల్‌లో దొరికినంత సులభంగా మనిషి దొరకడు. ఒప్పందపు గడువు వేసవిలో ముగిసేలా వ్రాసుకొనుట చిన్న ఉపాయమే గాని గొప్ప ఫలితమిస్తుంది.

ఒకే తరహా అద్దెదారులపై ఆధారపడుట కూడా ప్రమాదమే. 2020లో కరోనా వ్యాధి కారణంగా లాక్‌డౌన్ విధించినప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇళ్ళనుండి పని చేయడానికి స్వగ్రామాలకు తరలిపోయారు. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల హాస్టళ్ళూ, శిక్షణ సంస్థలను నమ్ముకొన్న అమీర్‌పేట హాస్టళ్ళూ ఖాళీ అయినవి. ఆ తరగతి అద్దెదారుల కొరకే గదులు కట్టినవారు అప్పుడు మిక్కిలి నష్టపడ్డారు.

బోర్డు మీద కనబడని షరతు

ఇక నాలుగవ కారణం. "టు లెట్" బోర్డు మీద ఫోను నంబరు ఉంటుంది, షరతులు ఉండవు. అవి ప్రశ్నల రూపంలో తరువాత వస్తాయి. "మీరు ఏమిటోళ్ళు?" "మాంసం తింటారా?" "పెళ్ళయిందా?" "పేరేమన్నారు?" పేరు వినగానే "నిన్ననే ఎవరికో ఇచ్చేశామండీ" అన్న సమాధానం, ఆ బోర్డు మరి రెండు నెలలు అక్కడే ఉండుట మా సహాధ్యాయులలో పలువురికి పరిచితమైన అనుభవమే.

ఇది కేవలం మా భావన కాదు. సుఖదేవ్ థోరట్ మొదలైన పరిశోధకులు ఢిల్లీ, దాని పరిసర నగరాలలో జరిపిన పరిశీలనను 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రకటించారు. అద్దె ఇల్లు కోరిన దళితులకు, ముస్లింలకు అగ్రవర్ణ హిందువులకు లభించినంతగా అంగీకారం లభించలేదని, లభించినచోట కూడా కొందరు అదనపు షరతులకు తలఒగ్గవలసి వచ్చినదని అందులో తేలినది. రాజ్యాంగపు 15వ అధికరణం దుకాణాలు, భోజనశాలలు, బావులు, రహదారులు మొదలైనవాటి విషయంలో మతకులాది వివక్షను నిషేధించినది. సొంత ఇంటిని ఎవరికి అద్దెకివ్వాలన్న సంగతిని అది పేరెత్తి చెప్పలేదు. కనుక ఇది చాలవరకు యజమాని విజ్ఞతకే విడిచిపెట్టబడినది.

న్యాయాన్యాయాలు ఒక ప్రక్క ఉంచి, వ్యాపారదృష్టితోనే చూతాము. పదిమంది అడుగవచ్చిన ఇంటికి పెండ్లికాని వారు వద్దని ముగ్గురిని, ఆహారం పేరుతో ఇద్దరిని, మతకులాల పేరుతో ఇద్దరిని పంపివేస్తే మిగిలేది ముగ్గురు. వారిలో ఒకరికి నీరు చాలదు, మరొకరికి అద్దె ఎక్కువ, మూడవవారికి బస్సు దూరం. అప్పుడు యజమాని "ఈ ఇల్లు అచ్చిరాలేదు" అని వాపోతాడు. ఇల్లు అచ్చిరాకపోవుట కాదు, తలుపు తానే మూశాడు. క్రమంగా అద్దె చెల్లించేవాడా, ఇంటిని శుభ్రంగా ఉంచేవాడా, ఇరుగుపొరుగుతో మర్యాదగా మెలిగేవాడా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం పేరులో దొరకదు. పూర్వపు ఇంటి యజమానిని అడిగితే దొరుకుతుంది, పనిచేసే చోట విచారిస్తే దొరుకుతుంది.

చట్టము, ఒప్పందము

యజమానుల భయాలన్నీ నిరాధారమని మేము అనడం లేదు. అద్దెకిచ్చిన ఇల్లు తిరిగి చేతికి రాదేమోనన్న భయం పాతది, దానికి కారణమూ ఉన్నది. తెలంగాణ ప్రాంతంలోని 1954 నాటి హైదరాబాదు చట్టాన్నీ, ఆంధ్ర ప్రాంతంలోని 1949 నాటి మద్రాసు చట్టాన్నీ తొలగించి వచ్చిన 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం, అద్దెదారుని ఇష్టానుసారం వెళ్ళగొట్టకుండా రక్షణ కల్పించినది. బుద్ధిపూర్వకంగా అద్దె ఎగవేయుట, అనుమతి లేకుండా ఇతరులకు అద్దెకిచ్చుట, యజమానికి నిజమైన సొంత అవసరం కలుగుట వంటి నిర్ణీత కారణాలపైననే ఖాళీ చేయించవచ్చును. ఈ రక్షణ ఎందరో పేదలను ఆదుకొన్నది. అదే సమయంలో కొందరు యజమానులు తాళమే మేలని తలచుటకూ దారితీసినది.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఉభయుల మధ్య సమతూకాన్ని ఉద్దేశించినది. రాష్ట్రాలు స్వీకరించుటకు నమూనాగా రూపొందిన ఈ చట్టం వ్రాతపూర్వకమైన ఒప్పందాన్ని తప్పనిసరి చేస్తూ, ముందస్తు ధరావతు నివాసగృహానికి రెండు నెలల అద్దెను, ఇతర భవనాలకు ఆరు నెలల అద్దెను మించరాదని సూచించినది.

మన ప్రాంతంలో పదకొండు నెలల ఒప్పందం ఎందుకు వాడుకలో ఉన్నదని చాలామంది అడుగుతారు. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయించవలెనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నిర్దేశించుటయే దీనికి మూలం. ఒప్పందం ఎంత చిన్నదైనా అందులో అద్దె, ధరావతు, నీరు-కరెంటు ఖర్చులు, మరమ్మతుల బాధ్యత, ఖాళీ చేయుటకు ముందుగా ఇవ్వవలసిన గడువు స్పష్టంగా ఉండాలి. నోటిమాటలో మిగిలిన ప్రతి అంశమూ రేపటి వివాదానికి విత్తనం. ప్రతి నెలా రసీదు ఇచ్చిపుచ్చుకొనుట ఇద్దరికీ రక్ష.

మన కర్తవ్యం

"అద్దె" మన తెలుగు మాట. "కిరాయి" అరబ్బీ మూలం నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన మాట. ఈ రెండు మాటలూ మన వీధులలో పక్కపక్కనే శతాబ్దాలుగా కాపురమున్నవి. మాటలకు దొరికిన చోటు మనుషులకు దొరకకపోవుట శోచనీయం.

కళాశాల పాలకవర్గం వారికి మా విన్నపం ఒకటున్నది. కళాశాల పరిసరాలలో ఖాళీగా ఉన్న గదుల వివరాలను నమోదు చేయుటకు కార్యాలయంలో ఒక పుస్తకం ఉంచాలి. గది కోరే విద్యార్థి హాజరు, నడవడికలను గురించి కళాశాల ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. ఉభయులూ సంతకం చేయదగిన ఒక ఒప్పంద పత్రాన్ని తెలుగు, ఉర్దూ భాషలలో ముద్రించి ఉంచాలి. దీనికి ధనవ్యయం స్వల్పం. పరిచయం లేకపోవుట వలన కలిగే భయాన్ని ఇది సగానికి తగ్గిస్తుంది. యజమానికి ఖాళీ నెలలు తగ్గుతాయి, విద్యార్థికి చదువుకొనుటకు ఒక గది దొరుకుతుంది.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. ఒక విద్యార్థి అద్దె ఎగవేసి పోతే ఆ తలుపు తరువాత వచ్చే పదిమందికి మూసుకొంటుంది. నేడు అద్దెదారులమైన మనలో కొందరము రేపు ఇంటి యజమానులము కాగలము. ఆనాడు మన వాకిట నిలిచినవానిని పేరడుగుటకు ముందు, లోనికి పిలిచి నల్లా ఎప్పుడు వస్తుందో చెప్పగలిగితే, ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినదని మేము భావిస్తాము.