వేళ్లను కాదు, వైరును చూడండి!

పాట హిట్టయితే పాడినవారి పేరు అందరికీ తెలుస్తుంది. వెనకాల గిటార్ వాయించిందెవరో ఎవరికీ పట్టదు. రికార్డింగ్ పేలవంగా వస్తే మాత్రం ముందు నింద పడేది వాయించినవాళ్ల మీదే. అందులోనూ ఆడపిల్లయితే ఇక చెప్పక్కర్లేదు!

ఇరవై ఏళ్లుగా స్టూడియోల్లో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. ఒకచోట "మేడమ్, చేతిలో బలం తక్కువైనట్టుంది, కాస్త గట్టిగా మీటండి" అన్నారు. లేచి వెళ్లి చూద్దును కదా, నా గిటార్ వైరు కీబోర్డు పెట్టే లైన్ సాకెట్‌లో ఉంది! మధ్యలో డీఐ బాక్సు పెట్టమన్నాను. అదే గిటార్, అవే వేళ్లు. ఈసారి తీగ ఖణేల్‌మంది. ఎవరూ మారు మాట్లాడలేదు.

ఇంతకీ కిటుకేమిటంటారా? గిటార్ పికప్‌లో పుట్టే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని అందుకునే సాకెట్‌కి సుమారు 10 లక్షల ఓమ్‌ల ఇంపెడెన్స్ ఉండాలి. లైన్ సాకెట్‌కి సాధారణంగా ఉండేది కొన్ని వేలే. అందులో పెడితే జలుబు చేసిన గొంతులా వినిపిస్తుంది. ఈ తేడాను సరిచేసేదే డీఐ బాక్సు. వీణకు బ్యాటరీ లేని కాంటాక్ట్ పికప్ అంటించినా ఇదే సూత్రం. ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్లు ఆడియో ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్రుమెంట్' లేదా 'హై-జెడ్' మీట నొక్కితే చాలు.

ఆంప్లిఫయర్ ముందు మైకు పెట్టకుండా నేరుగా రికార్డు చేయడమంటే తక్కువరకం పనేం కాదు. 1960లలోనే అమెరికాలో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో గిటార్లను ఇలాగే రికార్డు చేసేవారు.

ఇవి గుర్తుంచుకోండి:

* పాత తీగలు మొద్దుగా పలుకుతాయి. ఒకటి రెండు రోజుల ముందే కొత్తవి వేసుకోండి. ప్రతి టేకుకూ శ్రుతి సరిచూసుకోండి.

* గిటార్ నుంచి బాక్సుకి వైరు 15 అడుగులు మించకపోతే మంచిది. పొడవు పెరిగేకొద్దీ పైస్వరాల మెరుపు తగ్గుతుంది.

* 'బుయ్' మని మోత వస్తుంటే ట్యూబ్‌లైట్లు, ఛార్జర్లకు దూరంగా జరగండి. కూర్చున్న దిక్కు మార్చి చూడండి. బాక్సు మీద 'గ్రౌండ్ లిఫ్ట్' మీట వాడమనండి. అంతేగానీ ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం పీకనివ్వకండి. ప్రాణానికే ముప్పు.

* ఎంత గట్టిగా వాయించినా లెవెల్ సున్నాకు 6 నుంచి 12 డెసిబెల్స్ కిందే ఉండాలి. సున్నా దాటితే శబ్దం పగులుతుంది.

* హెడ్‌ఫోన్‌లో పొడి శబ్దం వింటుంటే వాయించబుద్ధి కాదు. ఆంప్లిఫయర్ ధ్వని, కాస్త ఎకో కలిపి వినిపించమనండి. రికార్డయ్యేది మాత్రం ఏమీ కలపని శబ్దమే కావాలి. హంగులు తర్వాత ఎన్నయినా చేర్చుకోవచ్చు.

'ఆ వైర్ల సంగతి మనకెందుకులే' అనుకోవద్దు. గిటార్ నేర్చుకుంటున్న మీ అమ్మాయికి సరిగమలతోపాటు ఇవీ నేర్పించండి. ఎవరైనా "గట్టిగా మీటమ్మా" అంటే, వైరు ఏ సాకెట్‌లో ఉందో ముందు తనే చూసుకుంటుంది.