తులసివనానికి చిన్న గోడ

మన ఆలయ తులసివనాన్ని చూచుకొనే భాగ్యం కొన్నేళ్లుగా నాకు లభించింది. నిరుడు శ్రావణమాసంలో ఒక గురువారం రాత్రి కురిసిన వర్షానికి వనం చుట్టూ ఉన్న రెండడుగుల గోడ బాటమీదికి ఒరిగి కూలిపోయింది. మరునాడు వ్రతానికి వచ్చే ముత్తైదువులు, వృద్ధులు అలసట తీర్చుకొనేది ఆ గోడమీద కూర్చునే. అది పగటివేళ కూలి ఉంటే ఏమయ్యేదో!

తప్పు నాదే. గోడకు నీటిరంధ్రాలు విడుద్దామని తాపీమేస్త్రీ చెప్పగా, దాత పేరు చెక్కించిన తెల్లని గోడపై బురదచారలు శోభించవని నేనే వద్దన్నాను. ఇంటివద్ద తులసికి, పూలమొక్కలకు ఎత్తుమడులు కట్టుకొనే భక్తులకు ఉపకరించగలదని, ఆ అనుభవం నేర్పిన విషయాలను ఇక్కడ విన్నవిస్తున్నాను.

ఇటువంటి గోడకు ప్రధాన శత్రువు మట్టి కాదు, మట్టిలో నిలిచిన నీరు. గోడ వెనుక రెండడుగుల ఎత్తున నీరు నిలిస్తే, ప్రతి మీటరు పొడవుపై సుమారు 180 కిలోల ఒత్తిడి పడుతుంది. ఎనిమిదంగుళాల మందపు సిమెంటు దిమ్మెల గోడ బరువు మీటరుకు దాదాపు 240 కిలోలే. మట్టి ఒత్తిడి కూడా తోడైతే అది ఎట్లు నిలువగలదు? ఎత్తు రెట్టింపైతే నీటి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద సాగినప్పుడు కృష్ణలంకను కాపాడిన రక్షణ గోడను విజయవాడ వచ్చే యాత్రికులు చూచే ఉంటారు. నదిని ఆపడం దాని ధర్మం. మడిగోడ ధర్మం వేరు. అది మట్టిని నిలపాలి, నీటిని పోనివ్వాలి.

ఇక నేల సంగతి. మన డెల్టాలో విస్తారంగా ఉన్న నల్లరేగడి వానకు ఉబ్బి, వేసవిలో బీటలు వారుతుంది. దానిమీద నేరుగా పేర్చిన గోడ ఏటేటా కదలుతుంది. అందువల్ల ఈసారి అడుగున్నర వెడల్పున, అడుగుకు పైగా లోతున కందకం త్రవ్వించి, అడుగున ఆరంగుళాల మందాన కంకర పోయించి, దిమ్మిసతో గట్టిపరచాము. మొదటి వరుస దిమ్మెలను నేలమట్టానికి దిగువనే ఉంచి, దారం కట్టి, రసమట్టంతో సరిచూచాము. ఆ వరుస వంకరైతే పై వరుసలన్నీ వంకరే. నేలపైన రెండు వరుసలు, అనగా పదహారు అంగుళాలు మాత్రమే కట్టాము. తులసి వేళ్లకు ఆ లోతు చాలును. పై వరుసలను ఒక్కొక్కటి అర అంగుళం చొప్పున మడివైపు జరిపి, అతుకులు ఒకదానిపై ఒకటి రాకుండా పేర్చాము. సిమెంటుపనిని వారం రోజులు తడిపాము.

నేలకు కొంచెం పైగా, నాలుగడుగులకొకటి చొప్పున, రెండంగుళాల ప్లాస్టిక్ గొట్టపు ముక్కలను బయటికి వాలుగా అమర్చాము. వాటి వెనుక అరడుగు వెడల్పున కంకర నింపి, మట్టి దానిలో కలియకుండా నీరు ఇంకే గుడ్డ పరిచాము. మడిలో నల్లమట్టి వేయక, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాము. నీరు నిలిస్తే తులసి వేరు కుళ్లుతుంది. బయటికి వచ్చే నీటిలో భక్తులు జారిపడకుండా గోడ వెంట చిన్న కాలువ తీశాము. రెండడుగులకు మించి ఎత్తు కోరేవారు ఇంజనీరు సలహా తీసుకొనుట మేలు.

ఖర్చులో సగానికి పైగా కంటికి కనిపించని పునాదికి, కంకరకే అయింది. కార్తిక ద్వాదశి నాటికి గోడ పూర్తయి, తులసి ఎదుట దీపాలు వెలిగాయి. ఈ ఏటి వానలకు గోడ కదలలేదు. తెల్లని గోడపై బురదచారలు మాత్రం పడ్డాయి. దాతగారు వాటిని చూచి కారణమడిగినప్పుడు, నీరు తన దారిన పోతున్నదనడానికి అవే గుర్తులని మనవి చేశాను.

చివరగా ఒక విన్నపం. ఆ గొట్టాలలో అగరువత్తులు గ్రుచ్చడం, పూలు, కొబ్బరిపీచు, కుంకుమ పొట్లాలు ఉంచడం దయచేసి మానండి. వాటిని తెరచి ఉంచడం కూడా తులసీమాతకు చేసే సేవయే.