రొట్టెలో నీటి నడక

డబుల్ కా మీఠాకు కావలసిన సరుకంతా హైదరాబాద్ బేగంబజార్‌లో నాలుగడుగుల్లో దొరుకుతుంది. జీడిపప్పు, బాదం, కిస్మిస్, యాలకులు, కుంకుమపువ్వు, చక్కెర, నెయ్యి, చివరికి అది వండే వెడల్పాటి గిన్నె కూడా. వీటిలో చాలావరకు నెలలకొద్దీ నిలవుండేవే. ఆ మిఠాయికి ఆధారమైన డబల్ రొట్టె మాత్రం అలా కాదు. పొద్దున భట్టీలోంచి దిగిన రొట్టె మర్నాటికల్లా వేరే వస్తువైపోతుంది. ఈ మార్పును చాలావరకు నడిపించేది రొట్టెలో ఉన్న నీరే. ఆ నీరు ఎటు నడుస్తుందో కనిపెడితే, ఇరానీ హోటల్లో మస్కా బన్ను ఎందుకంత మెత్తగా ఉంటుందో, మనలాగే అన్నం తినే వియత్నాంలో ‘బాన్ మీ’ విరిస్తే ఎందుకు ఫెళ్లుమంటుందో కూడా తెలుస్తుంది.

‘బాన్ మీ’ అంటే వాళ్ల భాషలో గోధుమ రొట్టె. 1859లో సైగాన్‌ను పట్టుకున్న ఫ్రెంచివాళ్ల వెంట ఆ దేశానికి పొడవాటి రొట్టె వచ్చింది. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరాది నుంచి లక్షల మంది దక్షిణానికి తరలిపోయారు. వాళ్లలో కొందరు సైగాన్ వీధుల్లో చిన్న అంగళ్లు పెట్టుకున్నారు. రొట్టెను నిలువునా చీల్చి, మాంసం, ఊరవేసిన ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర, పచ్చిమిర్చి కూరి చేతికందించే పద్ధతి అక్కడే స్థిరపడింది. 1958లో మొదలైన ‘హోవా మా’ అలాంటి అంగడే. మన ఊళ్లో అదే గోధుమ రొట్టె చాయ్‌కి జోడీ అయింది.

బాన్ మీ కరకర అంతా పైపెచ్చులో ఉంది. గోధుమపిండిని తడిపి పిసికితే అందులోని మాంసకృత్తులు గ్లూటెన్ అనే సాగే వలగా అల్లుకుంటాయి. ఈస్ట్ వదిలే వాయువు ఆ వలలో బుడగలుగా చిక్కుకుంటుంది. పిండి పొయ్యిలోకి వెళ్లగానే లోపలికి ఆవిరి వదులుతారు. ఆ ఆవిరి చల్లటి పిండి మీద నీరై కూర్చుంటుంది. దాంతో పైభాగం తొందరగా గట్టిపడదు, రొట్టె తృప్తిగా పొంగుతుంది, పైనున్న పిండిపదార్థం ఉడికి పల్చటి జిగురు పొర అవుతుంది. ఆ తర్వాత పొడి వేడికి ఆ పొర ఎండుతుంది. వేడి 140 డిగ్రీలకు అటూ ఇటూ చేరాక చక్కెరలు, మాంసకృత్తుల ముక్కలు కలిసి గోధుమరంగును, ఆ కమ్మటి వాసనను పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెయిలార్డ్ పేరే దానికి నిలిచింది. వేయించిన ఉల్లిపాయల్లో, కాల్చిన కబాబులో మనం ఎరిగిన వాసనలకూ ఇదే మూలం.

రొట్టె బయటికి వచ్చేసరికి పెచ్చులో నీరు నూటికి కొద్ది పాళ్లే మిగులుతుంది, లోపలి మెత్తటి భాగంలో నలభై పాళ్ల దాకా ఉంటుంది. అంత పొడిబారిన పిండిపదార్థం గాజు స్వభావంలోకి వెళ్తుంది. వంగదు, పగులుతుంది. వేయించిన అప్పడం తీరు కూడా ఇదే. వానాకాలం అప్పడాన్ని పళ్లెంలో వదిలేస్తే గాలిలోని తేమ తాగి తోలులా సాగుతుంది. బాన్ మీకి ఈ గండం రెండు వైపుల నుంచీ ఉంది: బయట తేమగాలి, లోపల తన నీరే. అందుకే ఆ రొట్టెను పూటకు పూట కాల్చి వేడిగా అమ్మడంలోనే దాని రుచంతా ఉంది.

మన బన్ను అసలు ఈ పందెంలోకే దిగదు. పిండిలో కలిపిన కొవ్వు గ్లూటెన్ వలను మెత్తబరుస్తుంది, చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది. పెచ్చు గాజుగా మారేంత ఎండదు. చాయ్‌లో ముంచితే పీల్చుకోవాల్సిన రొట్టెకు ఆ మెత్తదనమే తగినదని నా నమ్మకం.

పాత రొట్టె గట్టిపడితే ఎండిపోయిందంటాం. 1852లో బూసింగో అనే ఫ్రెంచి రసాయనవేత్త రొట్టెను నీరు బయటికి పోకుండా బంధించి చూశాడు. అయినా అది పాతబడింది. 60 డిగ్రీల దాకా వేడి చేస్తే మళ్లీ మెత్తబడింది. ఉడికినప్పుడు చెదిరిన పిండిపదార్థపు అణువులు చల్లారాక మళ్లీ వరుసకట్టి బిగుసుకోవడమే ఇందుకు కారణం. రాత్రి మిగిలిన అన్నం పొద్దునకు పలుకుగా మారడమూ ఇదే. ఫ్రిజ్ చలిలో ఈ బిగింపు ఇంకా వేగంగా సాగుతుంది. అందుకే రొట్టెను ఫ్రిజ్‌లో దాచడం దాన్ని చేజేతులా పాతబరచడమే. గడ్డకట్టే ఫ్రీజర్‌లో పెడితే మాత్రం ఆ పని దాదాపు ఆగిపోతుంది.

బాన్ మీలో కూరే ముల్లంగికి ముందుగా ఉప్పు, చక్కెర పట్టించి నీరు పిండేస్తారు. లేకపోతే ఆ నీరంతా రొట్టెలోకే దిగుతుంది. తర్వాత సిర్కాలో వేస్తే, ఆ పులుపులో ముక్క కరకర చెడదు. రొట్టె లోపల రాసే వెన్న గానీ మయొనైజ్ గానీ తేమకు అడ్డుగోడ. ఈ మయొనైజ్ దగ్గర జాగ్రత్త కావాలి. పచ్చి గుడ్డుసొన, నూనె గిలకొట్టి చేసేది అది. పులుపు చాలకపోతే, ఎండలో బయట ఉంచితే, సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులకు అందులో చోటు దొరుకుతుంది. 2024 ఏప్రిల్ చివర వియత్నాంలోని లాంగ్ ఖాన్‌లో ఒక్క అంగడి బాన్ మీ తిన్నవాళ్లలో 500 మందికి పైగా జబ్బుపడ్డారు. అదే ఏడాది అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదే.

మళ్లీ డబుల్ కా మీఠా దగ్గరికి వస్తే, దానికి నిన్నటి రొట్టే మేలు. బిగుసుకున్న ముక్క నెయ్యిలో విరిగిపోకుండా నిలుస్తుంది. కాగిన నెయ్యిలో వేయగానే లేచే బుడగలు దాని నీరే. నీరు పోయిన చోట గుల్లలు మిగులుతాయి, పైభాగం ఎర్రగా గాజులా మారుతుంది. అంటే కాసేపు మన డబల్ రొట్టె కూడా బాన్ మీలా కరకరలాడుతుంది. ఆపైన పోసిన వేడి పాకం ఆ గుల్లల్లోకి దిగుతుంది, పాలు తోడవుతాయి, గాజు కరిగిపోతుంది. అంచులు ఇంకా కాస్త కరకరలాడుతుండగా తినాలనుకునేవాళ్లు పాకం పోసిన వెంటనే గరిటె అందుకోవాలి.