కోడింగుకు ముందే కొలతలు

కాగితం మీద వంటగది తలుపు జరపడానికి రబ్బరు ముక్క చాలు. గోడ లేచాక గునపం కావాలి. ప్రోగ్రాముల సంగతీ అంతే. అయితే ఇంటి ప్లానును అడుగుల్లో కొలుస్తాం. ఒక్క లైనైనా రాయని ప్రోగ్రామును దేనితో కొలవాలి?

1974లో స్టీవెన్స్, మైయర్స్, కాన్‌స్టంటైన్ ఐ.బి.ఎం. సిస్టమ్స్ జర్నల్‌లో రాసిన వ్యాసం రెండు ప్రశ్నలు వేసింది. ఒక మాడ్యూలులోని పనులకు పరస్పర సంబంధమెంత? అది ఇతర మాడ్యూళ్ళ మీద ఎంత ఆధారపడుతోంది? మొదటిది కోహెషన్, రెండవది కప్లింగ్. పోపుల డబ్బాలో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు వేరైనా అన్నీ పోపు కోసమే. అది మంచి కోహెషన్. తాళంచెవులు, తపాలా బిళ్ళలు, తలనొప్పి మాత్రలు కలిపి పడేసిన సొరుగులో అది లేదు.

1976లో మెకేబ్ అంకె చెప్పారు. మాడ్యూలులోని నిర్ణయాలు లెక్కపెట్టి ఒకటి కలపాలి. 10 దాటితే విడగొట్టడం మేలు. దీనికి ఫ్లోచార్టు ఉంటే చాలు.

1981లో హెన్రీ, కఫూరా యూనిక్స్‌ను పరిశీలించి మరో కొలత ఇచ్చారు. మాడ్యూలులోకి సమాచారం వచ్చే దారులను, బయటికి పోయే దారులతో గుణించి వర్గం చేయాలి. దాన్ని మాడ్యూలు పొడవుతో గుణించాలి. కోడింగుకు ముందు పొడవు తెలియదు గనుక దాన్ని వదిలేద్దాం. 3 దారులు వచ్చి 2 పోతే 36. 6 వచ్చి 4 పోతే 576. దారులు రెట్టింపైతే చిక్కు పదహారు రెట్లన్నమాట! డిజైను సమీక్షలో ముందు ఆగవలసింది అక్కడే.

అంకెలు అన్నీ చెప్పవు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్టు బయలుదేరిన దాదాపు 40 సెకన్లకే నాశనమైంది. ఏరియాన్ 4 కోసం రాసిన ప్రోగ్రామును అందులో వాడారు. కొత్త రాకెట్టు వేగానికి వచ్చిన పెద్ద సంఖ్య 16 బిట్లలో పట్టలేదు. దారులు లెక్కపెడితే ఇది దొరకదు. “ఈ సంఖ్య ఎంతవరకు పెరగవచ్చు?” అని ఒకరు అడగాలి.

మరో ప్రమాదం ఉంది. ఈ అంకెలను ఉద్యోగి పనితనానికీ, జీతానికీ ముడిపెడితే, డిజైను బాగుచేయడం మాని అంకెను బాగుచేస్తారు. 10 దాటకుండా ఒక మాడ్యూలును అర్థం లేకుండా అయిదు ముక్కలు చేస్తారు. థర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది. కారణం వైద్యుడే వెతకాలి. జ్వరం వచ్చిందని రోగిని కోప్పడం కదా! సమీక్షలో కూర్చునే పెద్దలు గుర్తుంచుకోవలసింది అదే.